దుమ్ము లేచిన బోరు

2023 జూన్‌లో, పుంగనూరుకు కాస్త అవతల మెట్ట పొలాల మధ్య రేకుల షెడ్డులో పెట్టిన ఒక రీసైక్లింగ్ యూనిట్‌లో నేను కెమిస్ట్‌గా చేరాను. అంతకు ముందు పదకొండేళ్లు మదనపల్లెలో నీళ్లు, మట్టి పరీక్ష చేసే ఒక చిన్న ల్యాబ్‌లో పనిచేశాను. టమోటా రైతులు, బోర్లు వేయించుకున్నవాళ్లు, ఇళ్లు కట్టేవాళ్లు సీసాల్లో నీళ్లు తెచ్చేవాళ్లు. నేను పరీక్ష చేసి కాగితం రాసిచ్చేదాన్ని. ఓనర్ ఆ ల్యాబ్ మూసేసుకున్నాక, డిగ్రీ పట్టుకుని ఇంట్లో కూర్చోలేక ఈ ఉద్యోగానికి వచ్చాను.

మీ పనిలో మరిచిపోలేని సంగతి ఒకటి చెప్పమని ఎవరైనా అడిగితే ఇన్నాళ్లూ ఏదో నవ్వించే కథ చెప్పి తప్పించుకునేదాన్ని. ఇది ఆ రకం కాదు. ఇందులో తప్పు చేసినవాళ్లలో నేను ఉన్నాను, వెనక వరసలో కూడా కాదు.

ముందు ఆ యూనిట్‌లో ఏం చేసేవాళ్లమో చెప్పాలి. పాత కంప్యూటర్ల హార్డ్ డిస్కుల్లో, కాలిపోయిన ఎలక్ట్రిక్ స్కూటర్ల మోటార్లలో తళతళలాడే చిన్న అయస్కాంతాలుంటాయి. వాటిలో ఉండేది నియోడిమియం, ఇనుము, బోరాన్. వేడికి తట్టుకోవడానికి కొంచెం డిస్ప్రోసియం కూడా కలుపుతారు. నియోడిమియం, డిస్ప్రోసియం లాంటివాటిని రేర్ ఎర్త్ మెటల్స్ అంటారు. పేరుకు అరుదు గానీ భూమిలో బాగానే ఉంటాయి, కష్టమంతా వాటిని విడదీయడంలోనే. మామూలు పద్ధతిలో అయితే ఘాటైన యాసిడ్లు, కిరసనాయిలు లాంటి ద్రావకాలు తొట్లకు తొట్లు కావాలి.

మాది వేరే పద్ధతి. ఆకుల మీద, మట్టిలో బతికే కొన్ని బ్యాక్టీరియాకు ఈ లోహాలు కావాలి. చుట్టూ ఇనుము, సున్నం ఎంత ఉన్నా వదిలేసి వీటినే ఏరుకునే ఒక ప్రొటీన్‌ను అవి తయారుచేసుకుంటాయి. దాన్ని చూసి, అదే పట్టు ఉన్న చిన్న అణువును మనుషులు తయారుచేశారు. ఆ అణువును సగ్గుబియ్యమంత పూసలకు అంటించి, నిలువు గొట్టంలో నింపుతారు. దాన్ని కాలమ్ అంటారు. అయస్కాంతాలను కాల్చి, పొడి చేసి, పలచటి యాసిడ్‌లో కరిగించి ఆ కాలమ్ గుండా పోస్తే రేర్ ఎర్త్ పూసలకు అతుక్కుంటుంది, ఇనుమూ బోరానూ కిందికి జారిపోతాయి. తర్వాత సిట్రేట్, అంటే నిమ్మ ఉప్పు నీళ్లతో కడిగితే అతుక్కున్నది ఊడి వస్తుంది. ఎండబెట్టిన పొడి లేత ఊదారంగులో ఉంటుంది. మొదటిసారి అరచేతిలో వేసుకున్నప్పుడు నాకు నిజంగా సంతోషమేసింది. చెత్తలోంచి ఇంత శుభ్రంగా, ఇంత చల్లగా ఒక లోహం వస్తుందని నేను చదువుకున్న పుస్తకాల్లో లేదు.

మా డైరెక్టర్ బెంగళూరులో ఉండే మనిషి, ఆ అణువు మీదే పరిశోధన చేసినవాడు. యూనిట్ చూడడానికి ఎవరు వచ్చినా ఆయన అయస్కాంతాన్ని చేతిలో పెట్టి నన్ను వివరించమనేవాడు. నేను గుక్క తిప్పుకోకుండా "నియోడిమియం, ఐరన్, బోరాన్" అని మొదలుపెట్టేదాన్ని. బోరాన్ అనే మాట నా నోటివెంట రోజుకు పదిసార్లు వచ్చేది. ఈ సంగతి ఒకటి గుర్తుంచుకోండి, ఎందుకంటే నేను గుర్తుంచుకోలేదు.

యూనిట్ ఉన్న నేల ఒకప్పుడు గంగులప్పది. దాన్ని అమ్మేసి, దిగువన మిగిలిన ఎకరన్నరలో మల్బరీ తోట పెట్టుకుని, ఆయనా భార్య మునెమ్మా పట్టుపురుగులు పెంచుకునేవాళ్లు. బస్సు దిగి యూనిట్‌కు పోవాలంటే వాళ్ల తోట గట్టు మీదుగానే నడవాలి. సాయంత్రం బస్సు ఆలస్యమైతే వాళ్ల పురుగుల షెడ్డు పంచలోనే కూర్చునేదాన్ని. పురుగులు ఆకు తినే చప్పుడు సన్న వాన పడ్డట్టు వినబడేది. మునెమ్మ మాటకు ముందు చేతిలో ఏదో ఒకటి తినడానికి పెట్టేది.

అలా కూర్చున్నప్పుడే ఒకరోజు గంగులప్ప, మా యూనిట్ నేలలో తాను వేయించిన బోరు కథ చెప్పాడు.

"ఆ పై సేన్లో మూడు బోర్లు ఏసినామమ్మా. మూడోది తొమ్మిదొందల అడుగులు. దుమ్ము తప్ప ఏమీ రాలేదు. దుమ్ము లేసి నా మొగం, ఈమె మొగం అంతా తెల్లగా అయిపాయ. ఈమె ఆడనే కూసోని ఏడ్సింది."

"ఏడ్సక ఏం సేస్తా?" అంది మునెమ్మ. "మెళ్లో ఉండేదంతా ఆ బొక్కలోకే పాయె."

"ఆ సేను అమ్మి, ఈడ కింద నాలుగోది ఏసినాము. దీంట్లో పడింది నీళ్లు. ఇది పోతే మాకు ఇంగేం లేదమ్మా."

మా వైపు బోరు వేసేటప్పుడు లారీ చుట్టూ జనం నిలబడి చూసేది ఒక్కటే. తడి బురద వస్తే బతికినట్టు, తెల్ల దుమ్ము లేస్తే పోయినట్టు. దుమ్ము లేచిన బోరు మీద ఒక బండ దొర్లించి, దాన్ని చచ్చిపోయినవాళ్ల లెక్కలో వేస్తారు. మళ్లీ దాని పేరెత్తరు. నేనూ ఈ నేలలో పుట్టినదాన్నే కాబట్టి నాకూ అదే నమ్మకం.

2024లో వానలు బాగా పడ్డాయి. మా యూనిట్‌లో కాలమ్ నుంచి జారిపోయిన నీళ్లను రాఫినేట్ అంటాం. దానికి సున్నం కలిపి, ఇనుమూ, అయస్కాంతాల పైపూతలో ఉండే నికెలూ అడుగుకు దిగాక, పైన తేరిన నీళ్లను వెడల్పాటి తొట్లలో ఎండబెట్టాలి. అడుగున మిగిలిన మడ్డిని ట్యాంకర్ వచ్చి తీసుకుపోవాలి. అక్టోబర్‌లో ఎండ మొహం చూసిన రోజులే తక్కువ. తొట్లు అంచుదాకా నిండాయి. బురదలో ట్యాంకర్ రాలేనంది. డైరెక్టర్ గొడుగు పట్టుకుని తొట్ల దగ్గర నిలబడి నన్ను పిలిచాడు.

"సుజాత గారూ, మీరు ఇక్కడివాళ్లే కదా. ఈ నీళ్లు ఇంకిపోయే చోటు ఏదైనా ఉందా? రెండు వారాలకే."

"ఆ మూలన ఫెయిలైన బోరు ఉంది సార్. తొమ్మిది వందల అడుగులు."

"నీళ్లు లేవా?"

"చుక్క లేదు సార్. వేసినప్పుడు దుమ్ము లేచిందట."

అంతే మా సంభాషణ. మరుసటి రోజు బండ పక్కకు తీసి పైపు దించారు. పైపులోకి వదిలే ముందు ఆ తేరిన నీళ్లను నేనే పరీక్ష చేశాను. పిహెచ్ ఏడు. ఇనుము లేదు. నికెల్ లేదు. చూడడానికి తాగే నీళ్లలాగే ఉన్నాయి. రిజిస్టర్‌లో సంతకం పెట్టాను. రెండు వారాలన్నది జనవరి దాకా సాగింది. ఆపమని ఎవరూ అనలేదు, నాతో సహా.

నవంబర్‌లో పక్క ఊళ్లో ఎప్పుడో ఫెయిలైన బోరు నుంచి నీళ్లు వాటంతట అవే పొంగుతున్నాయని జనం చూడడానికి పోయారు. నేనూ పోయాను. ఆ కేసింగ్ పైపుకు పసుపు కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టారు. నేను ఫోన్‌లో వీడియో తీసి చుట్టాలందరికీ పంపాను. చచ్చిందనుకున్న బోరు కళ్లెదుట లేచి నిలబడితే, మా యూనిట్‌లో ఉన్న బోరు సంగతేమిటని నాకు ఒక్క క్షణం కూడా తట్టలేదు. దుమ్ము లేచిందంటే ఆ రోజుకు ఆ బండ పగుళ్లలో నీళ్లు లేవని మాత్రమే అర్థం. పగుళ్లు లేవని కాదు. వాన నీళ్లు నిండాక ఆ పగుళ్లే కాలువలయ్యాయి. చదువుకున్నదాన్ని, పదకొండేళ్లు బోరు నీళ్లు పరీక్ష చేసి బతికినదాన్ని, ఆ మాత్రం నాకు తెలిసి ఉండాలి.

డిసెంబర్‌లో మునెమ్మ ఒక సీసా పట్టుకుని గేటు దగ్గరకు వచ్చింది.

"సుజాతమ్మా, ఆకు అంచులు పసుపు పచ్చగా అయి మాడతాండాయి. నీళ్లలో ఏమన్నా కలస్తాండాదేమో రోంత సూడు."

నాకు మనసులో కొంచెం కష్టంగానే అనిపించింది. మా ఫ్యాక్టరీని అనుమానిస్తోందనుకున్నాను. అయినా సీసా తీసుకుని ఆ సాయంత్రమే పరీక్ష చేశాను. పాత ల్యాబ్‌లో పదకొండేళ్లు వాడిన పట్టికే నా చేతికి అలవాటు: పిహెచ్, కరిగిన లవణాలు, గట్టిదనం, క్లోరైడ్, ఫ్లోరైడ్, నైట్రేట్, ఇనుము, ఇంకో రెండు. తొమ్మిది గళ్లు. క్లోరైడ్ కొంచెం పెరిగింది. మిగతావన్నీ హద్దులో ఉన్నాయి. కాగితం మీద శుభ్రంగా రాసి, కింద సంతకం పెట్టి, మరుసటి రోజు గట్టు మీద మునెమ్మ చేతిలో పెట్టాను.

"నీళ్లు బాగున్నాయి మునెమ్మక్కా. ధైర్యంగా పోసుకోండి. చలికి అలా అవుతుందేమో."

"నువ్వు చెప్తే సరే," అంది. "కిందింటోళ్ల బోరు కాణ్నుంచి పైపు ఎయ్యల్లని మా ఆయన మాట్లాడొచ్చినాడు. వాళ్లూ ఒప్పుకున్నారు. ఇంగ ఒద్దని చెప్తాలే."

నేను తల ఊపాను. ఊపి బస్సెక్కాను.

పట్టుపురుగు నాలుగుసార్లు పొర విడుస్తుంది. అప్పుడు తిండి మానేసి తలెత్తి కదలకుండా పడుకుంటుంది. రైతులు దాన్ని జ్వరం అంటారు. జ్వరం లేచిన పురుగు ఆకలితో ఆకు మీద పడాలి. ఫిబ్రవరిలో గంగులప్ప వాళ్ల షెడ్డులో మూడో జ్వరం లేచిన పురుగులు ఆకు ముట్టలేదు. సన్నగా సాగి, అంచులకు పాకి, కొన్ని నోటివెంట నీళ్లు కార్చుకుని ఉండిపోయాయి. నేను పోయేసరికి షెడ్డు వెనక గుంటలో గంగులప్ప తట్టలు తెచ్చి బోర్లిస్తున్నాడు. మునెమ్మ సున్నం చల్లుతోంది. వాసన గట్టు దాకా వస్తోంది. నన్ను చూసినా ఇద్దరూ చేతిలో పని ఆపలేదు.

నేను తోటలోకి దిగి ఒక ఆకు తెంపాను. ముదురు ఆకు అంచు చుట్టూ కాటుక పెట్టినట్టు మాడిపోయి, లోపల పచ్చగానే ఉంది. మదనపల్లెలో టమోటా రైతులు పూత నిలవాలని బోరాన్ మందు కొడతారు. మోతాదు మించితే ఆకు అంచులు ఇలాగే మాడతాయి. అలాంటి ఆకులు పట్టుకుని మా పాత ల్యాబ్‌కు ఎంతమంది వచ్చారో లెక్కలేదు. ఇది ఎక్కువైన బోరానండీ అని నేనే వాళ్లకు చెప్పి పంపేదాన్ని. మా అయస్కాంతంలో ఉన్నదేమిటో అప్పుడు నా చెవులకు వినబడింది. సున్నానికి ఇనుము దిగుతుంది, నికెల్ దిగుతుంది. బోరాన్ దిగదు. నీళ్లతో పాటు ఎక్కడికైనా పోతుంది.

బోరాన్‌కు పాత పరీక్ష ఒకటుంది, దానికి కావలసింది పసుపు. నీళ్లను మరిగించి చిక్కబెట్టి, యాసిడ్ చుక్క వేసి, పసుపు పూసిన కాగితాన్ని ముంచి ఆరబెడితే, బోరాన్ ఉంటే అది ఎర్రబడుతుంది. గంగులప్ప బోరు నీళ్లతో కాగితం ఎర్రబడింది. మా ఇంటి కొళాయి నీళ్లతో పసుపుగానే ఉంది. రెండు కాగితాలూ తీసుకుని డైరెక్టర్ గదిలోకి పోయాను.

ఆయన చూసి, "బోరాన్ మందుల్లో కూడా ఉంటుంది కదండీ. వాళ్లే కొట్టి ఉంటారు," అన్నాడు.

"వాళ్లు టమోటా పెట్టలేదు సార్."

"పక్కవాళ్లు పెట్టి ఉంటారు. ఇది మనదేనని మీరెలా చెప్పగలరు?"

ఆయన అబద్ధమాడడం లేదు. అలాగే అయి ఉండాలని కోరుకుంటున్నాడు, అంతే. నేనూ అదే కోరుకున్నాను కాబట్టి ఆ ముఖం నాకు బాగా అర్థమైంది. కానీ ఆయన ప్రశ్నకు జవాబు మా ల్యాబ్ బల్ల మీదే ఉంది. నీళ్లలో ఎంత పలచగా కలిసినా రేర్ ఎర్త్‌ను పట్టగలిగే అణువు మా దగ్గర ఉన్నదే కదా. మా నీళ్లే ఆ బోరుకు చేరి ఉంటే, కడిగాక కాలమ్‌లో మిగిలిపోయిన సిట్రేట్‌ను పట్టుకుని కాస్తో కూస్తో నియోడిమియం కూడా వెంట పోయి ఉండాలి.

గంగులప్ప మోటారు వేసి క్యాన్లు నింపి ఇచ్చాడు. చిన్న కాలమ్ గుండా ఆ నీళ్లను నాలుగు రోజులు చుక్క చుక్కగా వదిలాను. ఐదో రోజు కొంచెం యాసిడ్‌తో కడిగి, వచ్చిన దానిలో, రేర్ ఎర్త్‌ను అడుగుకు దించే ఆక్సాలిక్ యాసిడ్ వేసి ఆగాను. గాజు గిన్నె అడుగున మబ్బులాంటిది దిగింది. కిటికీ దగ్గర ఎండలో పెట్టి చూస్తే లేత ఊదారంగు. చిటికెలో సగం కూడా లేదు. ఇదే రంగు చూసి ఏడాదిన్నర కింద సంతోషపడ్డాను. ఇప్పుడు దాన్ని వడగట్టి, ఆరబెట్టి, గంగులప్ప పేరు రాసిన చీటీ అంటించాను.

మామూలుగా పంపే బ్యాచ్‌లతో పాటు బెంగళూరు ల్యాబ్‌కు పంపాను. నియోడిమియం, అయస్కాంతాల్లో దానితో కలిసే ఉండే ప్రసియోడిమియం, కొంచెం డిస్ప్రోసియం అని రిపోర్ట్ వచ్చింది. సీరియం, లాంథనం లేనట్టే. మా వైపు బండల్లో సహజంగా ఉండే రేర్ ఎర్త్ అయితే ముందు ఆ రెండే కనబడాలి. ఇవి మాత్రమే కలిసి కనబడ్డాయంటే అయస్కాంతం తయారుచేసినవాళ్లు కలిపినవే.

డైరెక్టర్ రిపోర్ట్ రెండుసార్లు చదివాడు. ఆయన ముఖం వెలిగింది.

"ఇంత పలచటి నీళ్లలోంచి పట్టుకుందా? సుజాత గారూ, ఇది మంచి రీసెర్చ్ పేపర్ అవుతుందండీ. మన మాలిక్యూల్ గురించి దీనికంటే పెద్ద రుజువు ఏం కావాలి?"

నాకు ఒళ్లు మండింది. "సార్, ఇది గంగులప్ప బోరు," అన్నాను.

ఆయన కాగితం దించాడు. "తెలుసు," అన్నాడు. ఆ తర్వాత కిటికీ వైపు చూస్తూ, ఈ రిపోర్ట్ బయటికి పోతే యూనిట్ ఉండదని, యూనిట్ పోతే ఈ పద్ధతినే జనం నమ్మరని, పాత యాసిడ్ల పద్ధతే గెలుస్తుందని చెప్పుకుంటూ పోయాడు. అందులో ప్రతి మాటా నిజమే. నేను నా కాపీ మడిచి సంచిలో పెట్టుకున్నాను.

గట్టు మీద మునెమ్మ కొడవలి నూరుతోంది. గంగులప్ప షెడ్డులో తట్టలు కడుగుతున్నాడు. ఇద్దరినీ కూర్చోబెట్టి, కాగితం చూపించి, మొత్తం చెప్పాను. మా నీళ్లను పై బోరులో వదిలారని, అది ఈ బోరులోకి వచ్చిందని, తోట అందుకే మాడిందని. పురుగులను చంపింది బోరానో, సత్తువలేని ఆకో నేను తేల్చలేనని కూడా చెప్పాను.

గంగులప్ప కాగితం పక్కన పెట్టి, "ఆ బోరు ఆడ ఉండేది వాళ్లకు యెట్ల తెలిసె?" అన్నాడు. "బండ మీద మట్టి గూడా పోసినామే."

"నేనే చెప్పాను."

"నీకు..." అని ఆగిపోయాడు. తనే చెప్పాడన్న సంగతి ఆయనకు గుర్తొచ్చింది. తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి ఒళ్లో పెట్టుకున్నాడు.

మునెమ్మ అలా ఊరుకోలేదు. "బోరు సంగతి ఇడిసిపెట్టు," అంది. "దుమ్ము లేసిన బోరని మేమూ నమ్మితిమి, నువ్వూ నమ్మితివి. నేను సీసా తెచ్చి అడిగితి గదా, ఈ నీళ్లు పొయ్యొచ్చా అని. పోసుకోండి అంటివి. ధైర్యంగా పోసుకోండి అంటివి. నీ మాట మీద కిందింటోళ్ల నీళ్లు ఒద్దంటిమి. రెండు నెల్లు నా సేత్తో నేనే పోస్తి."

నేను తప్పయిందన్నాను. ఆమె కొడవలి తీసుకుని తోటలోకి పోయింది. ఆ రోజు నాకు తినడానికి ఎవరూ ఏమీ పెట్టలేదు. పెట్టి ఉంటే తినగలిగేదాన్ని కూడా కాదు.

రిపోర్ట్ కాగితం తీసుకుని గంగులప్పతో పాటు నేను కాలుష్యం సంగతులు చూసే ఒక ఆఫీసుకు పోయాను. అక్కడి అధికారి మర్యాదగానే కూర్చోబెట్టి అంతా విన్నాడు. తాగే నీళ్ల పట్టికలో నియోడిమియం పేరే లేదన్నాడు. హద్దే లేనిదాన్ని హద్దు దాటిందని ఎలా రాయాలన్నాడు. బోరాన్ ఉంది గానీ మనుషులు తాగే హద్దులోనే ఉందన్నాడు.

"మేము తాగేదానికి అడగలేదు సార్," అన్నాడు గంగులప్ప. "తోట తాగేదానికి అడిగినాము."

దానికి తన దగ్గర పట్టిక లేదన్నాడు ఆయన. అర్జీ తీసుకుని ముద్ర వేసిచ్చాడు. గంగులప్ప ఆ ముద్ర ఉన్న కాగితాన్ని చాలా జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకోవడం చూసి నాకు ఏడుపొచ్చింది.

నన్ను ఉద్యోగంలోంచి తీసేయలేదు. యూనిట్‌నే తీసేశారు. పై బోరులో సిమెంటు పోసి పూడ్చి, కాలమ్‌లు లారీలో ఎక్కించి కుప్పం అవతలికి తీసుకుపోయారు. అక్కడ కొత్త షెడ్డు మీద పచ్చటి ఆకు బొమ్మ ఉన్న బోర్డు పెట్టారని విన్నాను. డైరెక్టర్ ఒకసారి ఫోన్ చేసి, నా లాంటి నిజాయితీ గల మనిషి కావాలి, రమ్మన్నాడు.

"అక్కడ ఫెయిలైన బోర్లు ఎన్ని ఉన్నాయి సార్?" అని అడిగాను.

జవాబు కోసం ఆగకుండా ఫోన్ పెట్టేశాను. ఇప్పటికీ ఆ అణువు మీద నాకు కోపం లేదు. అది తన పని తాను చేసింది, ఏరమన్నదాన్ని ఏరింది. వదిలేసినది ఎటు పోతుందో చూసుకోవలసింది మేము.

గంగులప్ప ఆ వేసవిలో మల్బరీ వేళ్లతో సహా పెరికేశాడు. ఆ బోరు మోటారు తీసి ఇంట్లో పెట్టాడు. ఆయన ఇప్పుడు మదనపల్లె టమోటా మండీలో క్రేట్లు ఎత్తుతున్నాడు. మునెమ్మ ఎవరో వేరేవాళ్ల షెడ్డులో పురుగులకు ఆకు వేసే కూలికి పోతోంది.

నేను మదనపల్లెలోనే ఒక గది తీసుకుని మళ్లీ నీళ్ల పరీక్షలు మొదలుపెట్టాను. ఈ కేసు నుంచి నేర్చుకున్నది నా రిపోర్ట్ కాగితం మీద కనబడుతుంది. పైన చూసినవి, వాటి అంకెలు. కింద అంతకంటే పొడుగ్గా, నేను చూడనివి: పురుగుమందులు ఫలానా, లోహాలు ఫలానా, రేర్ ఎర్త్. వచ్చినవాళ్లు విసుక్కుంటారు. పరీక్షకు తెస్తే పరీక్ష చేయని వాటి జాబితా ఇస్తావేమిటమ్మా అంటారు. 'నీళ్లు బాగున్నాయి' అనే మాట మాత్రం నేను ఎవరికీ రాసివ్వను.

కిందటి నెల గంగులప్ప సీసాతో వచ్చాడు. సోమల దగ్గర బామ్మర్ది నేల కౌలుకు తీసుకుని మళ్లీ మల్బరీ పెట్టాలనుకుంటున్నారట. మునెమ్మే పంపిందట. నేను అన్నిటికంటే ముందు బోరాన్ చూశాను. లేదు. రిపోర్ట్ ఇస్తే ఆయన పై అంకెల వైపు చూడలేదు. కింద ఉన్నదంతా చదివి వినిపించమన్నాడు. చదివాను.

"ఇన్ని ఉండాయా నువ్వు సూడనివి?"

"ఇంకా ఉంటాయి గంగులప్పా. వాటి పేర్లు నాకూ తెలియవు."

"మరి పొయ్యొచ్చా?"

"నేను చూసినవాటి వరకు తప్పు కనబడలేదు. ముందు రెండు సాళ్లకే పోసి ఆకు చూడండి. వేరే నీళ్లు ఎవరైనా ఇస్తామంటే మాత్రం వద్దనకండి."

ఆయన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"ఆ పొద్దు గూడా ఇట్లే చెప్పింటే సరిపోయుండునే తల్లీ," అన్నాడు. గొంతులో కోపం లేదు. సీసా సంచిలో వేసుకుని, మండీకి టైమవుతోందని వెళ్లిపోయాడు.